వంద టిక్కీల్లో షావుకారివి ఎన్ని?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను, ఎక్కడైనా తప్పితే సరిదిద్దండి. ఫిరంగిపురం వైపు రెండెకరాల కౌలు మిర్చి. వంద టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, తూకానికి 40 క్వింటాళ్లు. ఈ వారం గుంటూరు యార్డులో మీ కాయకు క్వింటాకు 13,000 రూపాయలు ఇస్తామంటున్నారు. కోల్డ్ స్టోరేజీలో, మన వాడుకలో ఏసీలో, పెడితే సీజనుకు టిక్కీకి 200 అద్దె. పంట కోసం తెచ్చిన అప్పు రెండున్నర లక్షలు, నూటికి రెండు రూపాయల వడ్డీ. ఎం.ఏ. ఎకనామిక్స్ చదువుతున్న మీరు, ఆరు నెలల్లో ధర 4,000 పెరగడానికి 60 శాతం, 3,000 తగ్గడానికి 40 శాతం అవకాశం ఉందని వేసుకున్నారు. సగటున క్వింటాకు 1,200 లాభం తేలింది కాబట్టి సరుకంతా ఏసీలో పెడదామన్నారు. మీ నాన్నగారేమో సగం అమ్మేద్దాం, మిగతా సగం ఇరవై వేలు పలికితే గాని కదిలించను అన్నారు. ఇద్దరిలో ఎవరిది శాస్త్రం, ఎవరిది భయం అని అడిగారు.

గుంటూరులో ముప్పై ఏళ్లు డిగ్రీ పిల్లలకు ఎకనామిక్స్ చెప్పి రిటైరయ్యాను. మా బావమరిదికి కమీషన్ కొట్టు ఉంది. మాకూ కొద్దిగా మిర్చి పొలం ఉండేది. అందుకని పాఠమూ తెలుసు, దెబ్బా తెలుసు. నా మటుకు మీ నాన్నగారి మొదటి సగం మాట శాస్త్రమే. రెండో సగం గురించి ఆయన అన్నది మాత్రం ఒప్పుకోను. మీ లెక్కలో సూత్రం సరిగ్గానే ఉంది, దాన్ని పెట్టిన చోటు తప్పు.

మీ 1,200లోంచి ఖర్చులు తీయలేదు. వంద టిక్కీలకు అద్దె 20,000, అంటే క్వింటాకు 500. రెండున్నర లక్షల మీద ఆరు నెలల వడ్డీ 30,000, అంటే క్వింటాకు 750. రెండూ కలిపితే 1,250. ఆశ 1,200, ఖర్చు 1,250. హమాలీ, తూకంలో తరుగు నేనింకా కలపలేదు. ఇక్కడితో ఆపితే ‘అయితే మొత్తం అమ్మేయాలన్నమాట’ అనిపిస్తుంది. అదీ సరైన లెక్క కాదు, ఎందుకంటే 750 అన్నది సగటు. వడ్డీ అన్ని టిక్కీల మీదా సమానంగా పడదు.

కొన్నేళ్ల కిందట మా బావమరిది కొట్లో ఒక పెద్దాయనను చూశాను. టిక్కీ కుట్టు విప్పి, పిడికెడు కాయలు తీసి, ఒక కాయను చెవి దగ్గర పెట్టుకుని ఆడించారు. గింజ గలగలమంటే ఆరినట్టు లెక్క. తర్వాత దాన్ని విరిచి లోపలి రంగు చూసి, చేతులు పంచెకు తుడుచుకున్నారు. కోల్డ్ స్టోరేజీ లారీ బయట సిద్ధంగా ఉంది. మా వాడు “అన్నీ ఎక్కించమంటారా?” అని అడిగితే, ఆయన గోడ వైపు పేర్చిన టిక్కీలను కర్రతో చూపించి “అవి షావుకారి కాయలు. వాటికి నేను అద్దె కట్టడం ఏమిటి? ఈ మూలవి మావి, ఇవి ఎక్కించండి” అన్నారు. నేను తుమ్ముకుంటూ ఆ మాట విన్నాను. ముప్పై ఏళ్లు నల్లబల్ల మీద ఉపాంత విశ్లేషణ అని రాసి, అంటే సగటు చూడకుండా ఒక్కో అదనపు భాగానికి ఖర్చూ లాభమూ విడిగా తూచాలని, నేను చెప్పిందంతా ఆ కర్ర చివర ఉంది.

మీ టిక్కీలను కూడా అలాగే విడదీయండి. 20 క్వింటాళ్లు 13,000 లెక్కన అమ్మితే రెండు లక్షల అరవై వేలు. కమీషను, హమాలీ పోను మీ అప్పు సరిగ్గా తీరుతుంది. అంటే ఆ యాభై టిక్కీలు షావుకారివి. వాటిని అమ్మకుండా ఏసీలో పెడితే 30,000 వడ్డీ మొత్తం ఆ 20 క్వింటాళ్ల నెత్తినే పడుతుంది. క్వింటాకు వడ్డీ 1,500, అద్దె 500, వెరసి 2,000. మీరు ఆశిస్తున్నది 1,200. ప్రతి క్వింటాకూ 800 పోగొట్టుకోవడానికి లారీ ఎక్కిస్తున్నారన్నమాట.

మిగతా యాభై టిక్కీలకు వడ్డీ లేదు, అద్దె 500 మాత్రమే. అమ్మి ఆ డబ్బు ఏడాదికి 7 శాతం చొప్పున బ్యాంకులో వేసుకుంటే వచ్చేదాన్ని వదులుకుంటున్నారు కాబట్టి అదొక 455. మొత్తం 955. అంటే 1,200 ఆశ మీద 245 మిగులు. మీ అంకెలతోనే, మీ పద్ధతితోనే వచ్చిన జవాబు: సగం అమ్మాలి, సగం ఉంచవచ్చు. మీ నాన్నగారు ‘సగం’ అన్నది నోటికొచ్చిన మాట అని మీరు అనుకున్నారు. అప్పు ఎంతో చూసుకునే అన్నారని నాకు అనిపిస్తోంది.

ఇక ఆ 60 శాతం సంగతి. అది ఎక్కడి నుంచి వచ్చిందో మీరు రాయలేదు. పాత ధరలు చూసి వేశారా, యార్డులో నలుగురి మాట విని వేశారా? ఏదైనా సరే, లెక్కను తలకిందులు చేసి చూడండి. ‘ధర పెరిగే అవకాశం ఎంత’ అని కాకుండా, ‘ఎంత అవకాశం ఉంటే ఈ పని గిట్టుబాటు అవుతుంది’ అని అడగండి. 4,000 పెరగడం, 3,000 తగ్గడం అన్న మీ రెండు అంచనాలనే ఉంచితే, సొంత టిక్కీలు 955 ఖర్చు దాటి గిట్టుబాటు కావడానికి 57 శాతం దాకా నమ్మకం కావాలి. షావుకారి టిక్కీలు 2,000 ఖర్చు దాటడానికి 71 శాతం దాటి 72 దగ్గరికి రావాలి.

ఈ పద్ధతిలో ఒక సుఖం ఉంది. భవిష్యత్తు గురించి అంకె కనిపెట్టనక్కర్లేదు, మీ జేబు గురించిన అంకెలే చాలు. తర్వాత మిమ్మల్ని మీరు అడగవలసింది ఒక్కటే: అక్టోబరులో మిర్చి ధర పెరుగుతుందని నాలుగింట మూడు వంతుల నమ్మకంతో చెప్పగలవాడు యార్డులో ఎవరు? ముప్పై ఏళ్లలో నాకు అలాంటివాడు తగల్లేదు. అలా చెప్పినవాళ్లు చాలామంది తగిలారు. ఇక సొంత టిక్కీల విషయంలో మీ 60కీ గిట్టుబాటు గీతకూ మధ్య తేడా మూడు నాలుగు శాతం. 60ని 56 చేస్తే ఆ 245 మిగులు మాయమై నష్టం మొదలవుతుంది. మీరు వేసింది 60 అనీ 56 కాదనీ ఏ ఆధారంతో చెప్పగలరు?

ఎవరూ చెప్పలేరన్నదే 1921లో షికాగో సంప్రదాయానికి చెందిన ఫ్రాంక్ నైట్ పుస్తకం మొత్తం సారం. పాచికలకూ, వెయ్యి ఇళ్లలో ఎన్ని తగలబడతాయన్న లెక్కకూ సంభావ్యత ఉంటుంది, దాన్ని ఆయన రిస్కు అన్నాడు. ఒక్కసారే జరిగే, అలాంటివి ముందు వరుసగా లేని సంగతులకు అంకె ఉండదు, దాన్ని అనిశ్చితి అన్నాడు. రిస్కుకు బీమా దొరుకుతుంది కాబట్టి అది మామూలు ఖర్చు, వ్యాపారి లాభమన్నది పుట్టేది అనిశ్చితిని నెత్తికెత్తుకోవడం వల్ల అని ఆయన వాదం. సరిగ్గా అదే ఏడాది ఆర్థికవేత్త కీన్స్ సంభావ్యత మీద తన గ్రంథం ప్రచురించాడు. 1937లో మళ్లీ రాస్తూ ఐరోపాలో యుద్ధం వస్తుందా, ఇరవై ఏళ్ల తర్వాత రాగి ధర, వడ్డీ రేటు ఎలా ఉంటాయి వంటి ఉదాహరణలు తీసుకుని, వీటికి సంభావ్యత కట్టడానికి శాస్త్రీయమైన ఆధారమే లేదు, మనకు తెలియదంతే అన్నాడు. రాగి తీసేసి మిర్చి పెట్టుకోండి.

ఇది పుస్తకాల గొడవ అనుకోకండి. 2021–22 పంటకాలంలో నల్ల తామర పురుగు మన తోటల పూత మీద పడింది. బయటి దేశాల నుంచి వచ్చిన కొత్త రకం పురుగు, పాత మందులకు లొంగలేదు. ఎకరాలకు ఎకరాలు దున్నేశారు. ఆ తర్వాత ధరలు ఎక్కడికి వెళ్లాయో మీకే గుర్తుండాలి. ఆ ముందు ఏడు ఏసీలో కాయ పెట్టినవాడి కాగితం మీద ‘ధర పెరుగుతుంది’ అన్న గడి ఉండి ఉండవచ్చు గాని, ‘పేరు తెలియని పురుగు వస్తుంది’ అన్న గడి మాత్రం లేదు. గడి లేనిదానికి శాతం ఎలా వేస్తాం? ఆత్మగత సంభావ్యతల సిద్ధాంతాన్ని, అంటే మనిషి సొంత నమ్మకాన్నే శాతంగా వేసే పద్ధతిని, 1954లో కట్టుదిట్టంగా నిర్మించిన శావేజ్ కూడా, నా పద్ధతి ‘చిన్న ప్రపంచాలకు’ సరిపోతుందనే జాగ్రత్తపడ్డాడు. చిన్న ప్రపంచమంటే జరగగలిగేవన్నీ ముందే జాబితా వేయగలిగేది. యార్డు అలాంటిది కాదు. చైనా దిగుమతిదారు ఆర్డరు నిలిపినా, నవంబరులో తుఫాను పట్టినా జాబితా మారిపోతుంది.

తెలియని అంకె పట్ల మనిషి జంకు గురించి 1961లో ఎల్స్‌బర్గ్ చూపిన సంచి ఆట మీ సిలబస్‌లో ఉండాలి. సంచిలో 90 బంతులు. 30 ఎర్రవి. మిగతా 60లో నల్లవెన్నో పచ్చవెన్నో చెప్పరు. ఎర్ర బంతి మీద పందెం కాస్తారా, నల్లదాని మీదా అంటే ఎక్కువమంది ఎర్రదంటారు. ‘ఎర్రదైనా పచ్చదైనా’ మీద కాస్తారా, ‘నల్లదైనా పచ్చదైనా’ మీదా అంటే ఈసారి అదే జనం రెండోది అంటారు. నల్లవి ఎన్ని ఉన్నాయనుకున్నా ఈ రెండు జవాబులూ ఒక లెక్కలో పొసగవు. అయినా అడిగిన ప్రతి క్లాసులో నాకు ఇవే జవాబులు వచ్చాయి. పది ఏళ్ల తర్వాత అమెరికా రక్షణశాఖ రహస్య పత్రాలను పత్రికలకు అందించి ప్రపంచమంతా పేరు మారుమోగినవాడు ఈ ఎల్స్‌బర్గే, పిల్లలకు ఈ సంగతి చెబితే బంతుల లెక్క ఎప్పటికీ మర్చిపోరు. మీ నాన్నగారు నిలవ మీద జంకడం కొంతవరకు ఈ జంకే. దీన్ని తెలివితక్కువ అనడం నాకు ఇష్టం లేదు. నల్ల బంతులెన్నో చెప్పనివాడు ఎందుకు చెప్పడం లేదో ఆలోచించడం పల్లెటూరివాడికి అలవాటు.

నా సొంత కథ ఒకటి చెప్పాలి. 2016లో మిర్చి మంచి ధర పలికింది. మా పొలం కాయ అరవై టిక్కీలు ఉంది. ఆ ఏడాది రెండో సంవత్సరం పిల్లలకు సాలెగూడు సిద్ధాంతం చెబుతున్నాను. నిరుటి ధర చూసి రైతు ఈ ఏడు విత్తుతాడు, అందరూ అలాగే విత్తుతారు కాబట్టి సరుకు ముంచెత్తి ధర పడుతుంది, పడిన ధర చూసి మరుసటి ఏడు తగ్గిస్తారు, మళ్లీ ధర లేస్తుంది. గీతలు బల్ల మీద గీస్తే సాలెగూడులా కనిపిస్తాయి. 1934లో కాల్డార్ పెట్టిన పేరు. పొద్దున పదింటికి ఆ బొమ్మ గీసి, సాయంత్రం యార్డుకు వెళ్లి, ‘ఇంకా పెరుగుతుంది, ఉంచండి’ అన్న మాట విని, సరుకంతా ఏసీలో పెట్టాను. చుట్టుపక్కల పత్తి చేలన్నీ మిర్చి తోటలవుతున్నాయని బస్సు కిటికీలోంచి రోజూ చూస్తూనే ఉన్నాను. కొత్త కాయ దిగేదాకా పట్టుకున్నాను. 2017 వేసవికి ధర ఎంత పడిందంటే, కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు 5,000 ప్రకటించాల్సి వచ్చింది. పాత కాయ, రంగు తగ్గిన కాయ, నేను ఎంతకు అమ్మానో రాయడానికి ఇప్పటికీ చెయ్యి రావడం లేదు. అప్పు లేదు కాబట్టి బతికిపోయాను. ఆ తర్వాత సాలెగూడు పాఠం చెప్పేటప్పుడు నా గొంతు కొంచెం తగ్గిందని పిల్లలు గమనించే ఉంటారు.

ఆ ‘అప్పు లేదు కాబట్టి’ దగ్గరే మీ ప్రశ్నకు అసలు జవాబు ఉంది. కమీషను, హమాలీ పక్కన పెట్టి, మూడు దారుల్లో చివరికి చేతిలో మిగిలేది చూద్దాం. ఇప్పుడే మొత్తం అమ్మితే అప్పు పోను 2.7 లక్షలు, ఖాయం. మొత్తం ఏసీలో పెడితే, ధర పెరిగితే 3.8 లక్షలు, తగ్గితే ఒక్క లక్ష. సగం అమ్మి సగం పెడితే, పెరిగితే 3.4 లక్షలు, తగ్గితే 2 లక్షలు. మీరే రాశారు, జూన్‌లో కౌలు, విత్తనం, నారు, దుక్కి కలిపి లక్షన్నర కావాలని. ఆ డబ్బు అక్టోబరు దాకా ఆగదు. సరుకంతా ఏసీలో ఉంటే జూన్‌లో మళ్లీ షావుకారి గడప ఎక్కాలి, అప్పుడు వడ్డీ రెండు రూపాయల దగ్గరే ఉంటుందని హామీ లేదు. ధర కూడా పడితే అక్టోబరులో లక్ష మిగిలిన మనిషికి కొత్త అప్పే లక్షన్నర ఉంటుంది. మొత్తం అమ్మినవాడికి ఈ చిక్కు లేదు. సగం అమ్మినవాడు జూన్‌లో ఇంకొన్ని టిక్కీలు తీసి అమ్మాలి, దానికి మళ్లీ వస్తాను.

1738లో డేనియల్ బెర్నూలీ చెప్పింది ఇదే. నూరు రూపాయలున్నవాడికి ఇంకో నూరు వస్తే కలిగే సంతోషం, వెయ్యి ఉన్నవాడికి కలగదు. ఇంటర్మీడియట్‌లో మీరు బట్టీ పట్టిన క్షీణోపాంత ప్రయోజన సూత్రానికి డబ్బు రూపం. ఆయన సంవర్గమానం (లాగరిథమ్) పద్ధతిలో మీ మూడు దారులనూ తూచి చూశాను. మొత్తం ఏసీలో పెట్టడం, పైకి సగటున 2.68 లక్షలు చూపిస్తున్నా, ఖాయంగా చేతికొచ్చే 2.23 లక్షలతో సమానం. సగం–సగం దారి 2.75 లక్షలతో సమానం. మొత్తం అమ్మడం 2.7, బ్యాంకు వడ్డీ కూడా కలుపుకుంటే ఇంచుమించు 2.8. అంటే నిజాయతీగా చెప్పాలంటే, సగమా మొత్తమా అన్న చోట తరాజు దాదాపు సమంగా ఉంది, అది మీ ఇంటి మనసును బట్టి తేల్చుకోవచ్చు. మొత్తం నిలవ పెట్టడం మాత్రం ఏ తరాజులోనూ లేవడం లేదు. 1952లో రాయ్ అనే ఆర్థికవేత్త దీన్ని ఇంకా మోటుగా చెప్పాడు: ముందు మునిగిపోయే గీత ఎక్కడుందో గుర్తించు, ఆ గీత కిందికి పోయే అవకాశాన్ని తగ్గించు, లాభం సంగతి తర్వాత. మీ గీత లక్షన్నర.

మీ మాటల్లో ‘నాన్నగారి తరం రైతులకు సహజంగానే భయం ఎక్కువ’ అని ఒకటి దొర్లింది. అక్కడ కొంచెం ఆగాలి. దాన్ని పరీక్షించినవాడు ఉన్నాడు. పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో పనిచేసిన బిన్స్‌వాంగర్, మహారాష్ట్రలోనూ అప్పటి మన రాష్ట్రం మహబూబ్‌నగర్ జిల్లా ఔరేపల్లి, దోకూరుల్లోనూ రైతులతో నిజం డబ్బు పెట్టి బొమ్మా బొరుసూ ఆడించాడు. బొమ్మ పడినా బొరుసు పడినా 50 రూపాయలు ఖాయంగా కావాలా, లేక ఒకవైపు పడితే సున్నా, రెండోవైపు పడితే 200 కావాలా, ఈ రెంటికీ మధ్య ఇంకొన్ని మెట్లు. ఆ రోజుల్లో 50 రూపాయలంటే కూలీకి చాలా రోజుల సంపాదన. ఫలితాలు 1980లో అచ్చయ్యాయి. పందెం పెద్దదయ్యేకొద్దీ దాదాపు అందరూ ఓ మోస్తరు జాగ్రత్తపరులుగా మారారు, మరీ పిరికివాళ్లుగానూ కాదు, తెగించినవాళ్లుగానూ కాదు. అందులో ఉన్నవాడికీ లేనివాడికీ పెద్ద తేడా కనిపించలేదు. అంటే పెద్ద రైతు సరుకు నిలవ పెట్టి, చిన్న రైతు కల్లంలోనే అమ్ముకుంటున్నాడంటే కారణం గుండె ధైర్యంలో లేదు, అప్పు దొరికే తీరులో ఉంది. మీ నాన్నగారి చేతిలో రెండున్నర లక్షలు బాకీ లేకుండా పెట్టి చూడండి, ఆయనే మొత్తం ఏసీకి పంపిస్తారేమో.

ఆయనతో నాకు పేచీ ఇరవై వేల దగ్గర. ఆ అంకె ఈ ఏటి మార్కెట్టుది కాదు, 2023లో యార్డులో వినిపించిన ధర జ్ఞాపకం. మనస్తత్వవేత్తలు కాహ్నమన్, ట్వెర్‌స్కీలు 1979లో చూపింది ఇదే: మనిషి లాభనష్టాలను చేతిలో ఉన్నదాన్ని బట్టి కాక, మనసులో పాతుకున్న ఒక గుర్తు నుంచి కొలుస్తాడు, ఆ గుర్తు కిందికి పోవడం అతనికి లాభం ఇచ్చే సంతోషం కంటే ఎక్కువ బాధ పెడుతుంది. ఇరవై దగ్గర మేకు కొట్టుకున్నవాడికి పదహారున్నర వచ్చినా నష్టంలాగే ఉంటుంది, అమ్మలేడు. మీ కాగితం మీద అన్నిటికంటే మంచి రోజే 17,000. ఇరవై అనడమంటే ఎప్పటికీ అమ్మనని చెప్పడమే. షేర్ల వ్యాపారంలో చదువుకున్నవాళ్లు కూడా పెరిగినదాన్ని తొందరగా అమ్మి, పడినదాన్ని పట్టుకుని కూర్చుంటారని 1985లోనే రాశారు. ఏసీ గదిలో ఈ జబ్బు ఇంకా ముదురుతుంది, ఎందుకంటే సరుకు కళ్లకు కనిపించదు, రంగు తగ్గుతున్నా తెలియదు.

ఆయనతో వాదించకుండా ఒక కాగితం రాయించండి. జూన్‌లో కౌలు, నారు ఖర్చు వచ్చినప్పుడు ఎన్ని టిక్కీలు కదలాలో ముందే అందులో ఉండాలి. తర్వాత మిగిలినవాటిలో సగం, ధర పదిహేనున్నర దాటిన మొదటి వారం. మిగతావి దీపావళి లోపు, ఏ ధర ఉంటే ఆ ధర. పదిహేనున్నర అన్నది నేను అనుకున్న అంకె, మీరు వేరే పెట్టుకోవచ్చు, కాని లారీ ఎక్కించే ముందే పెట్టుకోండి. అన్నిటికంటే మంచి రోజు కోసం వెతక్కుండా ‘ఇది చాలు’ అన్న గీత ముందే గీసుకుని, అది తాకగానే ఆగడాన్ని హెర్బర్ట్ సైమన్ ఒక సిద్ధాంతంగా నిలబెట్టాడు, 1978లో నోబెల్ కూడా వచ్చింది. నిలవలో ఉన్న నిజమైన విలువ కూడా ఇలాంటప్పుడే పనికొస్తుంది. అమ్మినదాన్ని వెనక్కి తెచ్చుకోలేరు, ఉంచినదాన్ని ఎప్పుడైనా అమ్మవచ్చు. ఆ వెసులుబాటుకు టిక్కీకి 200 కడుతున్నారు. వాడుకోకపోతే ఆ 200 దండగ. జనవరిలో కొత్త కాయ దిగడం మొదలయ్యాక వెసులుబాటు విలువ దాదాపు సున్నా, నా అరవై టిక్కీలను అడగండి.

రెండు సంగతులు క్లుప్తంగా. కోల్డ్ స్టోరేజీ బాండు చేతికి రాగానే దాని మీద అప్పు ఇస్తామని ఎవరో ఒకరు వస్తారు. ఒక్క సంతకంతో మీ సొంత టిక్కీలు మళ్లీ షావుకారి టిక్కీలైపోతాయి, పైన చెప్పిన 57 శాతం గీత మళ్లీ 72 వైపు నడుస్తుంది. రెండోది, ‘ధర మరీ పడితే ప్రభుత్వం ఉంది కదా’ అన్న మాట. మిర్చి మద్దతు ధరల జాబితాలో లేదు. 2025 ఫిబ్రవరిలో కేంద్రం జోక్యం పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలు, 2.58 లక్షల టన్నుల వరకు అని ప్రకటించింది, నిజమే. కాని అది ధర పడి, రైతులు రోడ్డెక్కాక వచ్చింది. అలాంటిది వస్తుందా, ఎంతకు వస్తుందా అన్నది కూడా ఆ సంచిలోని నల్ల బంతుల్లాంటిదే, దాన్ని మీ నష్టం గడిలో అడుగు గీతగా వేసుకోకండి.

ఇక ఏ యాభై అమ్మాలి, ఏ యాభై ఉంచాలి అన్నది మీరు అడగలేదు గాని అడగవలసింది. కోల్డ్ స్టోరేజీవాడు మంచి కాయకైనా, తాలు (రంగు పోయిన నాసి కాయ) కలిసిన కాయకైనా టిక్కీకి అదే 200 తీసుకుంటాడు. 16,000 పలికే కాయ మీద ఆ అద్దె బరువు తక్కువ, 7,000 పలికే తాలు మీద ఎక్కువ. ఆల్చియన్, అలెన్ అనే ఇద్దరు 1964లో తమ పాఠ్యపుస్తకంలో ఈ సంగతే పట్టుకున్నారు. ఆ తర్వాత దీన్ని వివరించడానికి అందరూ ఆపిల్ పండ్ల ఉదాహరణే చెబుతారు: రవాణా ఖర్చు పండుకు ఇంత అని ఒకటే అయినప్పుడు మంచి పండ్లే దూరం ఊళ్లకు వెళ్తాయి, నాసివి తోట దగ్గర మిగులుతాయని. మీకు అక్టోబరే దూరపు ఊరు. బాగా ఆరిన, తొడిమ గట్టిగా ఉన్న, రంగు నిలిచే కాయ లారీ ఎక్కాలి. తాలు, మచ్చ కాయ, చెమ్మ అనుమానం ఉన్న టిక్కీలు ఈ వారమే కాటా ఎక్కాలి. మే నెల ఎండల్లో యార్డుకు సెలవులు ఇచ్చేలోపు ఈ పని అవ్వాలి కాబట్టి రేపే కల్లం దగ్గరికి వెళ్లి చూడండి. మీ నాన్నగారు టిక్కీలను ఇప్పటికే రెండు వరసలుగా పేర్చి ఉంటే, ఏ వరస దేనికని ఆయన్నే అడగండి.